మేజోళ్ల కింద జాజు

ఆదివారం పొద్దున మా ఇంటి అరుగు మీద చేరే జనాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. కోహీర్ నుంచి వచ్చేవాళ్లు, ఝరాసంగం నుంచి వచ్చేవాళ్లు, మొగుడంపల్లి అవతల కన్నడం కలిపి మాట్లాడే ఊళ్ల నుంచి కూడా వచ్చేవాళ్లు. ఒకడు చొక్కా ఎత్తిపట్టుకుని నిలబడేవాడు. ఒకామె నడుం చుట్టూ తడిగుడ్డ కట్టుకుని మూలుగుతూ కూర్చునేది. అందరికీ ఒకటే జబ్బు, సర్పి. నడుం మీదో వీపు మీదో మంటతో పొక్కులు లేచి ఒక పక్కగా పాకుతుంది. అది పాకుతుంది కాబట్టి పామేనని, దాని తలా తోకా కలిస్తే మనిషి దక్కడని వీళ్ల నమ్మకం. అవి కలవకుండా జాజుతో అడ్డగీత గీయించుకోవడానికి మా నాయిన దగ్గరికి వచ్చేవాళ్లు. జాజంటే గడపలకూ అరుగులకూ గోడలకూ పూసే ఎర్రమట్టి. గోడకు పూసేదాన్ని ఒంటికి పూస్తే జబ్బు పోతుందనుకునే బుర్రలకు నేనేం చెప్పను?

నాయిన దర్జీ. జహీరాబాదు బజారు వెనక గల్లీలో మా ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక రెండు గదుల్లో మేము. వారమంతా ఆయన కాళ్లు ఆ మిషను పెడల్ మీదే ఉండేవి. ఆదివారం మాత్రం మిషను మీద గుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, రాతి గిన్నెలో జాజు నూరి, వేపపుల్ల కొనకు దూది చుట్టి అరుగు మీద కూర్చునేవాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. వచ్చిన ప్రతి మనిషినీ ముందు వెలుతురు వైపు తిప్పి చూసేవాడు. ఎన్ని దినాలైంది, ముందు మంట వచ్చిందా పొక్కు వచ్చిందా, జ్వరముందా అని అడిగేవాడు. కంటి దగ్గర లేచిన వాళ్లకు మాత్రం గీసేవాడు కాదు. "గిది నాతోని గాదు, దవాఖానకు పోండ్రి" అని పంపించేవాడు. డాక్టరు కాని మనిషి డాక్టరులా మాట్లాడటం చూసి నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వును దాచుకునేదాన్ని కూడా కాదు.

చిన్నప్పుడు ఆ గిన్నె పట్టుకున్నది నేనే. నాయిన నా పలక మీద ఆ గీతలు నేర్పించాడు. "నీ చెయ్యి నిలకడ, బిడ్డా. నా తర్వాత నువ్వే గీయాలె" అనేవాడు. డెబ్బైల్లో పట్నం పోయి బీయస్సీ చదివి వచ్చాక ఆ గిన్నె ముట్టడం మానేశాను. మా గల్లీలో బీయస్సీ చదివిన మొదటి ఆడపిల్లను. ఆ సంగతి గల్లీ మరిచిపోతే నేనే గుర్తు చేసేదాన్ని. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. నల్లబల్ల మీద రక్తకణం బొమ్మ గీసి, మూఢనమ్మకాల మీద వారానికోసారి పిల్లలను దులిపేదాన్ని. నా ఎదురుగా తలూపిన మా హెడ్మిస్ట్రెస్ ఒక ఎండాకాలం మా పెరటి తలుపు నుంచి వచ్చి, నడుం మీద జాజు గీయించుకుని, చీర సర్దుకుని వెళ్లింది. మర్నాడు ఆమె ముందు నిలబడి హాజరుపట్టీలో సంతకం పెడుతుంటే నాకు ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను. అందరికంటే నేనే తెలివిగల దాన్నని ఆవిడ సంతకం చేసి ఇచ్చినట్టే అనిపించింది.

పెళ్లయ్యాక కూడా నేను నాయిన ఇంట్లోనే ఉన్నాను. మా ఆయనకు బీదర్లో ఉద్యోగం, నాకు ఇక్కడ. ఆయన సెలవులకు వచ్చి పోయేవాడు. అమ్మ ఎప్పుడో పోయింది. వంటింటిని మా మేనత్త, అంటే నాయిన చెల్లెలు, ఏలేది. ఆమె ఏలుబడి వంటింటితో ఆగేది కాదు. లోకంలో ఆమెకు తెలియని జబ్బు లేదు, ఆమె దగ్గర లేని మందు లేదు.

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం నాయిన మిషను మధ్యమధ్య ఆగడం మొదలైంది. నాలుగు కుట్లు వేయడం, ఆయాసపడి గోడకు ఆనుకోవడం. చొక్కా అడిగిన రోజుకు అందని వాళ్లు గుమ్మంలో నిలబడి సాధించేవాళ్లు. పెదవులు తెల్లబడ్డాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, మోకాళ్లు నొచ్చేవి. గల్లీలో ఉన్న ఆరెంపీ డాక్టరు వచ్చి సూది వేశాడు. ఆయన జలుబుకూ అదే సూది, కడుపునొప్పికీ అదే సూది. మంచం ముందు నిలబడి గుండెల మీద గొట్టం పెట్టి కళ్లు మూసుకునేవాడు, లోపలి నుంచి ఎవరో ఆయనతో మాట్లాడుతున్నట్టు. మేనత్త బీట్‌రూటు ఉడకబెట్టి ఆ ఎర్రనీళ్లు తాగించింది. "ఎర్రగున్నది తాగితే రక్తం వడ్తది, ఫికర్ జెయ్యకు అన్నా" అనేది. నేను పెదవి విరిచి, టమాటాలు కూడా ఎర్రగానే ఉంటాయి కదా అన్నాను. ఆ మర్నాటి నుంచి టమాటాలు కూడా మొదలయ్యాయి.

అప్పుడే కాళ్ల మీద మచ్చలు వచ్చాయి. మొదట చీలమండల దగ్గర, తర్వాత పిక్కల దాకా. నేరేడు పండ్ల రంగులో, కందిగింజంత. చేత్తో తడిమితే చర్మం మీద ఉబ్బెత్తుగా తగిలేవి. నేను వేలితో నొక్కి చూశాను. మామూలు దద్దురైతే నొక్కినప్పుడు తెల్లబడుతుంది. ఇవి తెల్లబడలేదు. నాకు ఆ తేడా తెలుసు. తెలిసీ ఏం చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మేనత్త చూడగానే సర్పి అని తీర్పు చెప్పింది. గల్లీ మొత్తం తలూపింది. నాయిన ఒక్కడే ఒప్పుకోలేదు. కాళ్లు రెండూ వెలుతురులోకి చాపుకుని, ఆదివారం జనాన్ని చూసినట్టే తన కాళ్లనూ చూసుకున్నాడు.

"గిది సర్పి గాదు, బిడ్డా. సర్పి ఒక్క దిక్కే వస్తది. రెండు కాళ్లకు ఒక్క తీరుగ ఎట్లొస్తది? నీళ్ల పొక్కు గూడ లేదు. పట్నంల పెద్ద డాక్టరుకు సూపియ్యాలె" అన్నాడు.

"ఊరందరికి గీస్తవు, నీకొస్తే గీయించుకోవా? నీ చేతిల గుణం లేదని నవ్వరా?" అని మేనత్త ముక్కు చీదింది.

నాయిన నా వైపు తిరిగి, "మంటగ ఉన్నది. జాజు సల్లగుంటది. జర పుయ్యి, బిడ్డా" అన్నాడు. ఎవరికి వాళ్లు గీసుకోకూడదన్నది ఆ పనిలో ఒక నియమం. మేనత్త చేతులు వణుకుతాయి. నేనే మిగిలాను. అంత చదువు చదివి మళ్లీ ఆ గిన్నె ముందు కూర్చోవలసి వచ్చినందుకు నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఆయన నేర్పిన గీతలు గీయలేదు. అరుగుకు పూసినట్టు మోకాళ్ల దాకా మందంగా పులిమాను. మచ్చ ఒక్కటి కనబడకుండా పోయింది. నాయిన చల్లగా ఉందన్నాడు.

జాజు దానంతట అదే ఎండి రాలాలి గాని కడగకూడదని ఇంకో నియమం. అది రాలకముందే పట్నం వెళ్లే రోజు వచ్చింది. నాయిన పంచె కట్టుకుని తయారయ్యాడు. పంచె కింద ఇటుకల్లాంటి రెండు ఎర్రటి కాళ్లు. ఆ కాళ్లతో పట్నం దవాఖానలో నా పక్కన నడుస్తాడు, డాక్టరు చూస్తాడు, మీరేం చేస్తారని అడుగుతాడు, నేను సైన్సు టీచర్నని చెప్పాలి. ఆ ఊహకే నా చెవులు వేడెక్కాయి. కడగమంటే మేనత్త ఇంటి కప్పు ఎగిరేలా అరుస్తుంది. బజారుకు పోయి పొడవాటి మేజోళ్లు ఒక జత కొనుక్కొచ్చాను. నల్లవి. పెట్టెలోంచి మా ఆయన పైజామా తీశాను. నాయిన జన్మలో అదే మొదటిసారి మేజోళ్లు వేసుకోవడం. మంచం మీద కూర్చుని పసిపిల్లాడిలా కాళ్లు అందించాడు. నేను తొడుగుతుంటే, "డాక్టరుకు కాళ్లు సూపియ్యాలె గదా, మల్ల ఇప్పుడు గివెందుకు?" అని అడిగాడు.

"రక్తం తక్కువైందని పోతున్నం నాయినా. కాళ్ల సంగతి వేరే. రెండూ కలిపి చెప్తే డాక్టరుకు తికమక అయితది" అన్నాను.

బళ్లో నేను రక్తం ఒక పాఠంగా, చర్మం ఇంకో పాఠంగా చెప్పేదాన్ని. మనిషి ఒంట్లో కూడా ఆ రెండింటి మధ్య పేజీ తిప్పాలేమో అన్నట్టు ఆ పొద్దున నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

పట్నంలో ఆ డాక్టరు వయసులో చిన్నవాడు. తలుపు బయట జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆయన కనురెప్ప కింద చూశాడు, నాలుక చూశాడు, పొట్ట నొక్కాడు, చీలమండ దగ్గర మేజోడు మీదనే వేలితో అదిమాడు. నేను ఇంగ్లీషులో మాట్లాడాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. మిగతా జనమంతా నిలబడే ఉన్నారు. రాసుకుంటూ రాసుకుంటూ, "ఒంటి మీద ఎక్కడైనా మచ్చలు, దద్దుర్లు ఉన్నాయా?" అని అడిగాడు.

నాయిన నా వైపు చూశాడు.

"లేవు" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆయన ముందే చేయించిన రక్తపరీక్ష చీటీ చూసి, రక్తం బాగా తక్కువుందని చెప్పి, బలానికి మాత్రలూ సూదులూ రాసి పంపాడు. తిరుగు బస్సులో నాయిన కిటికీ పక్కన కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, చెరుకు తోటలు చూస్తూ వచ్చాడు. నేను ఆ డాక్టరు ఎంత మర్యాదగా మాట్లాడాడో మా ఊరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

ఆ తర్వాత నెలల గురించి ఎక్కువ చెప్పను. మాత్రలు వేసుకున్నాడు. రక్తం పెరగలేదు. మచ్చలు తగ్గుతూ, మళ్లీ కొత్తవి లేస్తూ, కొన్ని పగిలి పుండ్లయ్యాయి. మంట పుట్టినప్పుడల్లా జాజు అడిగేవాడు. మేనత్త పూస్తే వణుకుతున్న చేతితో పుండుకు తగిలేది, అందుకని నేనే పూసేదాన్ని. మళ్లీ పట్నం పోదామని నాయిన రెండుసార్లు అన్నాడు. పరీక్షలైపోనీ అన్నాను, తర్వాత సెలవులు రానీ అన్నాను. నిజమైన కారణం ఒకటే. మళ్లీ పోతే ఆ మచ్చలు చూపించాలి. ఇదివరకు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పుకోవాలి. మిషను మీద గుడ్డ ఆదివారమే కాదు, వారమంతా కప్పి ఉండసాగింది. కుడికాలి వేళ్లు మూడు నల్లబడి, వాసన మొదలయ్యాక గాని నేను సెలవు పెట్టలేదు.

ఈసారి అదే దవాఖానలో చూసినది పెద్ద డాక్టరు, నెరిసిన జుట్టాయన. నేను మళ్లీ ఆ మేజోళ్లే తొడిగి తీసుకుపోయాను. ఆయన ఎవరినీ ఏమీ అడగకుండా ముందు వాటిని తీయించాడు. ఎండిన జాజు పెచ్చులు నేల మీద రాలాయి. ఆయన పక్కనున్న కుర్ర డాక్టర్ల వైపు తిరిగి, "చూడండి, గోడకు పూసేదాన్ని ఒంటికి పూశారు" అన్నాడు. అవి నా మాటలే. ఏళ్ల తరబడి అరుగు మీది జనాన్ని చూసి నేను అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా అక్కడ వినబడ్డాయి. కుర్ర డాక్టర్లు నవ్వారు.

"ఎవరు పూశారిది?" అని పెద్దాయన గద్దించాడు.

నాయిన మంచం మీద కొంచెం లేచి చేతులు జోడించాడు. "నేనే పూసుకున్న, సారూ. సదువు లేనోణ్ని. నా బిడ్డ వద్దనే అన్నది. ఆమె టీచరు, ఆమెకు గిసొంటియి నచ్చవు" అన్నాడు.

డాక్టరు నన్ను జాలిగా చూశాడు. నేను ఆ జాలిని పుచ్చుకుని ఊరుకున్నాను.

కాలి మీద చిన్న చర్మం ముక్క తీశారు. తుంటి ఎముకలోంచి మూలుగ తీశారు. నాయిన పళ్లు బిగపట్టి నా వేళ్లు పట్టుకున్నాడు. వారం తర్వాత పెద్దాయన నన్ను గదిలోకి పిలిచి చెప్పాడు. రక్తం తయారయ్యే మూలుగే చెడింది, అది సరైన కణాలు చేయడం లేదు. దానితో పాటే ఒంటిని కాపాడాల్సిన శక్తి దారి తప్పి సొంత రక్తనాళాల మీదే పడింది. సన్న నాళాలన్నీ వాచి, పగిలి, మచ్చలయ్యాయి. చివరికి వేళ్లకు రక్తం అందలేదు. "ఇవి రెండు జబ్బులు కావు. జంటగా వస్తాయి. రక్తం తక్కువున్న మనిషికి కాళ్ల మీద ఈ మచ్చలున్నాయని మొదట్లోనే తెలిస్తే అప్పుడే మూలుగ చూసేవాళ్లం. మూలుగకు మా దగ్గర పెద్ద మందు లేదు గాని, నాళాల వాపుకు ఉంది. వేళ్లు దక్కేవి" అన్నాడు.

తర్వాత పాత కాగితాలు తిరగేశాడు. ఒక చోట ఆగి, చదివి, ఆ కాగితాన్ని నా వైపు తిప్పి, ఒక వరుస మీద వేలు పెట్టాడు. మొదటి డాక్టరు తొందర తొందరగా రాసిన ఇంగ్లీషు. వివరాలు చెప్పినది కూతురు, సైన్సు టీచరు, నమ్మదగిన మనిషి. ఒంటి మీద మచ్చలు లేవు.

బయటికి రాగానే నాయిన, "ఏం రాసిన్రు బిడ్డా, ఆ కాయితంల?" అని అడిగాడు.

"రక్తం తక్కువున్నదని రాసిన్రు నాయినా" అన్నాను. ఆయనకు ఇంగ్లీషు రాకపోవడం నాకు అంతగా పనికొచ్చిన రోజు ఇంకోటి లేదు.

మూడు వేళ్లూ తీసేశారు. నాళాల వాపు తగ్గడానికి ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇచ్చారు. పది రోజుల్లో మచ్చలన్నీ వాడి, మాసి, కాళ్లు మామూలు రంగుకు వచ్చాయి. మేనత్త మురిసిపోయింది. నాకు మాత్రం ఆ శుభ్రమైన కాళ్లను చూడటం పుండ్లను చూడటం కంటే కష్టమైంది. పది రోజుల పని అది. నేను ఏడాదికి తక్కువ కాకుండా ఆపాను. ఇంటికొచ్చాక నాయిన మిషను ముందు కూర్చుని పెడల్ మీద కాళ్లు పెట్టి చూశాడు. కుడికాలు జారిపోయింది. ఇంకోసారి పెట్టాడు. తర్వాత గుడ్డ కప్పేసి, గుండీలు కుట్టే పని చేత్తో చేస్తూ కూర్చున్నాడు. రక్తం ఎక్కించుకోవడానికి పట్నం పోయి వస్తూ మరో ఏడాది ఉన్నాడు. చివరికి జ్వరం వచ్చి, తగ్గక, పోయాడు. అరుగు మీది జనం అందరూ వచ్చారు. నేను ఏళ్లపాటు ఈసడించిన వాళ్లలో ఒక్కరు కూడా ఆయనకు అంత చేటు చేయలేదు.

పోవడానికి కొన్ని రోజుల ముందు, వేళ్లు తీసినచోట మానకుండా మిగిలిన పుండుకు కట్టు మారుస్తూ ఆయనతో నిజం చెప్పేశాను. "నాయినా, ఆ దినం డాక్టరు అడిగితే లేవని నేనే అన్న గదా. తప్పు నాదే."

"ఎర్కనే బిడ్డా" అన్నాడు. "నేను పక్కనే ఉంటి గదా."

"మరి ఎందుకు చెప్పలే? కాళ్లు నీవే గదా?"

"నువ్వు కుర్చీల కూసున్నవు. డాక్టరు నీతోని ఇంగ్లీషుల మాట్లాడవట్టె. అంతమంది ముంగట మేజోళ్లు ఇప్పితే నీకు నామోషీ అయితుండె. జూద్దాం లే, ఇంకోపాలి జూపిస్త అనుకున్న."

నేను కట్టు ముడి వేశాను. ఆయన కాలు వెనక్కి తీసుకుని, "ఆ మేజోళ్లు పారేసినవా? పారెయ్యకు. ఉతికిపెట్టు. ఈపాలి పట్నం వోయేటప్పుడు ఏసుకుంట. నీ పక్కన జర బాగుంటది" అన్నాడు.

ఉతికాను. ఆరేశాక చూస్తే కుడికాలి మేజోడు ముందుభాగం ఖాళీగా వేలాడుతుంది కదా అనిపించింది. ఆయన మిషను మీది గుడ్డ తీసి, ఆయన స్టూలు మీద కూర్చుని, ఆ కొనను లోపలికి మడిచి కుట్టాను. చాలా రోజుల తర్వాత ఆ చప్పుడు విని పక్క గదిలోంచి నాయిన, "కుట్టు నిలకడగ పడ్తున్నది బిడ్డా" అన్నాడు.